కరెంటు ఉన్నంతసేపు

ఆ ఇంట్లో బట్టలు రెండు బేసిన్లలో ఉతుకుతారు. పచ్చ బేసిన్‌లో ఫ్రాంక్లిన్ చొక్కాలు, ప్యాంట్లు, తువ్వాళ్లు. ఎర్ర బేసిన్‌లో అతని భార్య నిర్మలవి, ఆమె అత్తగారు మేరమ్మవి తమేన్లు. తమేను అంటే ఆడవాళ్లు నడుముకు చుట్టుకునే లుంగీ. పచ్చ బేసిన్ బట్టలు వీధి వైపు బాల్కనీలో, తలకంటే ఎత్తున కట్టిన తాడు మీద ఆరతాయి. ఎర్ర బేసిన్ బట్టలు వంటగది వెనక సందులో, మోకాలి ఎత్తున కట్టిన తాడు మీద. అక్కడికి ఎండ రాదు. వానాకాలంలో తమేను వాసన పట్టాకే ఆరుతుంది.

మగవాడు తమేను కింద నుంచి నడిస్తే అతని తేజస్సు పోతుందని బర్మా వాళ్ల నమ్మకం. మేరమ్మ తాత శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ రేవుకు మూటలు మోయడానికి వచ్చాడు. వచ్చాక బాప్టిస్టు అయ్యాడు. ఫ్రాంక్లిన్ ఇప్పుడు తెలుగు బాప్టిస్టు సంఘంలో డీకన్, సంఘ పెద్దల్లో ఒకడు. బౌద్ధుల దీపాల పండగకి కింది అంతస్తులో ఉండే బర్మా ఆవిడ దో సాన్ యీ కొవ్వొత్తులు పంపితే అన్యాచారమని తిప్పి పంపాడు. తమేను సంగతి వేరు. పెళ్లయిన కొత్తలో నిర్మల అడిగింది, ఇది బైబిల్లో ఎక్కడుందని. "ఇది ఆచారం కాదు, సుబ్రత" అన్నాడు ఫ్రాంక్లిన్. "ఈ దేశం ఉప్పు తింటన్నాం. ఈ దేశం పద్దతి మనకొద్దేటి?" అంది మేరమ్మ.

దో సాన్ యీ ఇంట్లో వాషింగ్ మెషీన్ వచ్చాక బట్టలన్నీ కలిపే వేస్తున్నారు. సైన్యం వీధుల్లోకి వచ్చిన ఏడాది ఆ వీధి ఆడవాళ్లు తమేన్లను తాడుకు కట్టి రోడ్డుకు అడ్డంగా వేలాడదీశారు. సైనికులు వాటి కింద నుంచి రావడానికి జంకుతారని. దో సాన్ యీ కూడా ఒకటి ఇచ్చింది. నిర్మలను అడగలేదు. "మీ ఇంట్లో మాకంటే పట్టింపు ఎక్కువ కదా, అందుకని పైకి రాలేదు" అంది తర్వాత.

టీనా మీద అనుమానం కూడా ఒక బట్టల తాడు దగ్గరే మొదలైంది.

టీనా నిర్మల కూతురు. బ్యాంకాక్‌లో సముద్ర శాస్త్రం చదువుతూ, అక్కడి నుంచి ఏడాది పాటు ఎక్స్ఛేంజ్ విద్యార్థిగా స్పెయిన్ వెళ్లింది. ఊరి పేరు కాదిస్. పాత ఊరికి మూడు పక్కలా సముద్రం. సెప్టెంబరులో చేరింది. ఆదివారం మధ్యాహ్నం ఇంటికి కాల్ చేస్తుంది. రంగూన్‌లో తామ్వే పేటలోని వాళ్ల మేడకు కరెంటు వంతుల ప్రకారం వస్తుంది. ఆదివారం మధ్యాహ్నం వాళ్ల వంతు. కరెంటు ఉంటేనే వైఫై ఉంటుంది. కరెంటు ఉంటేనే నీళ్ల మోటారు తిరుగుతుంది, అన్నం కుక్కర్ ఉడుకుతుంది, ఇస్త్రీ అవుతుంది. అందుకని నిర్మల కూతురితో మాట్లాడే సమయమూ, వారం పని చేసుకునే సమయమూ ఒకటే అయ్యాయి. ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి పెడుతుంది. మోటారు వేస్తూ, కూర కలుపుతూ, డీకన్ చొక్కా ఇస్త్రీ చేస్తూ వింటుంది.

"అమ్మా, ఇక్కడ మధ్యాహ్నం కొట్లన్నీ మూసేస్తారు. అన్నం మూడింటికి తింటారు. రాత్రి భోజనం పదింటికి."

"మరి గిన్నెలెప్పుడు తోముతారే?"

"ప్రొఫెసర్‌ని పేరు పెట్టి పిలవాలంట. నాకు నోరు రాట్లేదు. సయామా అనేస్తున్నాను. బర్మాలో టీచరమ్మని అలాగే అంటామని చెప్పాను. ఇప్పుడు క్లాసులో అందరూ ఆమెని సయామా అంటున్నారు."

నిర్మల నవ్వింది. నవ్వుతూనే తెర వైపు చూసింది. కూతురు ముఖం వెనక ఆకాశం, టీవీ యాంటెన్నాలు, తెల్లటి గోడ, గోడ అవతల సముద్రం గీత. డాబా. వరసగా నాలుగో ఆదివారం కూడా డాబాయే. గాలి మాటల్ని కొట్టేస్తోంది. ఆ ఊళ్లో తూర్పు గాలి మొదలైతే రోజుల తరబడి ఆగదని, దానికో పేరు కూడా ఉందని, తాను అక్కడ నేర్చుకున్న మొదటి స్పానిష్ మాట బట్టల క్లిప్పు అని టీనా చెప్పింది. బాగానే ఉంది. అంత గాలిలో నిలబడి ఎందుకు మాట్లాడాలి? "గది చూపించవే" అని నిర్మల రెండుసార్లు అడిగింది. ఒకసారి గదిలో నెట్ రాదంది. ఇంకోసారి గది సర్దలేదంది. నెట్ రాని గదిలో క్లాసుల వీడియోలు ఎలా చూస్తోంది? సర్దని గది తల్లికి కొత్తా? మాట మధ్యలో టీనా మెట్ల తలుపు వైపు చూస్తుంది. ఎవరో వస్తున్నట్టుంటే ఫోను ఛాతీకి ఆనించుకుంటుంది. అప్పుడు తెర మీద చొక్కా గుడ్డ తప్ప ఏమీ కనపడదు. నిర్మల ఇవన్నీ గమనించి లోపల పెట్టుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారం మేరమ్మ నీళ్ల కోసం వంటగదిలోకి వచ్చింది. మామూలుగా ముందు గదిలోంచే అరుస్తుంది. ఆ రోజు నిర్మల వినిపించుకోలేదు కాబట్టి లేచి వచ్చింది. వచ్చి తెర చూసింది.

"ఏటే కోడలా, ఆ ఎనకాల ఏలాడతంది మగోడి పేంటు కాదేటి?"

టీనా వెనక్కి తిరిగి చూసింది. తాడు మీద నీలం తమేను ఎగురుతోంది. నిర్మలే కొని పెట్టెలో పెట్టిన తమేను. దాని పక్కన ప్యాంటు. దాని పక్కన మగవాళ్ల బనీన్లు.

"అది... పక్క ఫ్లాట్ వాళ్లది మామ్మా" అంది టీనా. ఆలస్యంగా అంది. "క్లాసుంది, ఉంటాను."

ఆదివారం క్లాసు లేదు. ఆ సంగతి మేరమ్మకు కూడా తెలుసు.

"ఓలమ్మ ఓలమ్మ. ఒకే తాడు! దాని తమేనుకి ఆడి పేంటు తగులుతంది. ఏ పరాయి మగోడు ఊరుకుంటాడే? మొగుడయినా ఊరుకోడు. ఒరే ఫ్రాంక్లినూ, ఇలా రారా!"

ఫ్రాంక్లిన్ బాల్కనీలో తన కుర్చీలోంచి లేచి వచ్చాడు. విన్నాడు. "ఎవుడాడు?" అని నిర్మలను అడిగాడు, ఆమెకు తెలిసి దాచినట్టు.

ఆ వారం మేరమ్మ ఆడవాళ్ల ప్రార్థన కూటంలో మనవి పెట్టింది. పేరు చెప్పలేదు. దూరదేశంలో ఉన్న ఒక గుంట దారి తప్పకుండా ప్రార్థన చెయ్యండి అంది. ఆ సంఘంలో దూరదేశంలో ఉన్న గుంట ఒక్కతే. మే నెలలో ఫ్రాంక్లిన్ వేదిక ఎక్కి, మా అమ్మాయిని దేవుడు స్పెయిన్ తీసుకెళ్తున్నాడని సాక్ష్యం చెప్పినప్పుడు చప్పట్లు కొట్టిన ఆడవాళ్లే, కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన చేశారు. నిర్మల కూడా అక్కడే ఉంది. కళ్లు తెరిచే ఉంచింది. కూటం అయ్యాక ఒకామె చెయ్యి పట్టుకుంది. "ఊరుకో నిర్మలా. ఆడపిల్లని పంపినప్పుడే అనుకున్నాం." ఎవరు అనుకున్నారో చెప్పలేదు.

ఇంటికి వచ్చాక ఫ్రాంక్లిన్ నిర్ణయం చెప్పాడు. "డిసెంబరు సెలవలకి రప్పించీద్దాం. రెండో టెర్ము ఒద్దు. వొచ్చే ఆదివారం నువ్వు అడుగు. నేనడిగితే బెదిరిపోద్ది, నిజం సెప్పదు. నువ్వు మామూలుగా అడిగినట్టు అడుగు. నేను పక్కన నిల్చుని ఇంటాను. నేనున్నట్టు దానికి తెలీకూడదు."

"వస్తే సైన్యం వాళ్లు మళ్లీ దేశం బయటికి పోనిస్తారేటండి?"

"పోనివ్వకపోతే ఉంటాది. ఇల్లు లేదా?"

దో సాన్ యీ కొడుకు సింగపూర్ నుంచి సెలవుకు వచ్చి వెనక్కి వెళ్లలేకపోయాడు. విమానాశ్రయం నుంచి తిప్పి పంపారు. అప్పటి నుంచి అతను మేడ దిగడు. వార్డు ఆఫీసు వాళ్లు సైన్యంలో చేర్చడానికి ఆడపిల్లల పేర్లు కూడా రాసుకుంటున్నారన్న మాట మెట్ల మీద తిరుగుతోంది. ఇవి ఫ్రాంక్లిన్‌కు తెలుసు.

"రాననంటే ఈ నెల నుంచి డబ్బులు పంపడం ఆపీ. అదే వొస్తాది" అన్నాడు.

టీనా ఖర్చులు నిర్మల జీతంలోంచి వెళ్తాయి. పబేడాన్ పేటలో విదేశాలకు డబ్బు పంపే ఏజెంటు దగ్గరికి నిర్మలే నడిచి వెళ్లి కట్టి వస్తుంది. పంపాలా వద్దా అన్నది మాత్రం ఫ్రాంక్లిన్ చెబుతాడు.

పబేడాన్‌లోనే ఆమె ఆఫీసు. ఓడ సరుకు విడిపించే కంపెనీ. ఆమె దగ్గర పని నేర్చుకున్న కో జా లిన్ ఇప్పుడు ఆమెకు మేనేజరు. అతనికి అర్థం కాని ఫైళ్లు ఇప్పటికీ ఆమె బల్ల మీదకే వస్తాయి. కస్టమర్లు వస్తే అతను గాజు తలుపు తెరిచి "అమా, టీ" అంటాడు. అమా అంటే అక్క. టీ కావలసినప్పుడు ఆమె అక్క. పెళ్లయిన రెండో ఏడు ఆ కంపెనీ వాళ్లే ఆమెను ట్రైనింగ్‌కు సింగపూర్ పంపుతామన్నారు. ఇంట్లో చెప్పింది. "ఎవురెవురు ఎల్తన్నారు?" అన్నాడు ఫ్రాంక్లిన్. పేర్లు చెప్పింది. అందులో ఇద్దరు మగవాళ్లు. అతను వద్దనలేదు. కానీ ఆ రోజు నుంచి ఆఫీసు నుంచి వచ్చాక ఆమె సంచిలోంచి టిఫిన్ డబ్బా తానే తీసేవాడు. సాయం చేస్తున్నట్టు తీసేవాడు. తీస్తూ సంచి అడుగు దాకా చూసేవాడు. నిర్మల సింగపూర్ వెళ్లలేదు. సంచి చూడడం కొన్నేళ్ల పాటు సాగింది.

ఆ వారమంతా నిర్మల ఆ సంచి గురించే ఆలోచించింది. తాను తెర వైపు చూస్తున్న చూపు ఎక్కడ నేర్చుకుందో ఆమెకు తెలుసు. కూతురి ముఖం చూడదు, ముఖం వెనక ఏముందో చూస్తుంది. మాట వినదు, మాట ఆలస్యమైందా అని చూస్తుంది. అయినా అనుమానం పోలేదు. మగవాడు ఉన్నాడు. పక్క ఫ్లాట్ అబద్ధం. అబద్ధం చెప్పిన పిల్ల ఇంకేం దాస్తోంది? ఆదివారం ఫ్రాంక్లిన్ పక్కన నిలబడి వింటుండగా అడగడమంటే, కూతురిని కూర్చోబెట్టి తలుపు వెనక పోలీసును నిలబెట్టడమే. ముందే తాను తెలుసుకోవాలి. తెలిస్తే ఏం చేస్తుందో మాత్రం ఆమెకు తెలియదు.

శుక్రవారం భోజనం వేళ ఆమె ఆఫీసు సందు చివర టీ కొట్టుకు వెళ్లింది. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, చెప్పకుండా కాల్ చేసింది. అక్కడ అప్పుడే తెల్లవారి ఉంటుంది. టీనా నిద్రముఖంతో ఎత్తింది. డాబా కాదు. గది. నెట్ బాగానే వస్తోంది.

నిర్మల చూపు వెంటనే పనిలో పడింది. ఒక మంచం. ఒకరు పడుకునే మంచం. బల్ల, పుస్తకాలు, కిటికీ, గోడకు సముద్రం మ్యాపు. కుర్చీకి ఒక చున్నీ. తలుపు వెనక కొక్కెం, దానికి టీనా కోటు. మగవాడి వస్తువు ఒక్కటి కూడా లేదు. గది సర్దే ఉంది.

"అమ్మా? ఏమైంది? మామ్మకేమైనా..."

"ఏమీ అవలేదు. ఆ పేంటు ఎవరిదే?"

టీనా లేచి కూర్చుంది. తర్వాత అంది, "మత్తెయో. ఇటలీ అబ్బాయి. ఫ్లాట్‌లో ముగ్గురం. నేను, కింగా అని పోలండ్ అమ్మాయి, మత్తెయో. ఎవరి గది వాళ్లది. ఇక్కడ స్టూడెంట్లందరూ ఇలాగే ఉంటారమ్మా. చెప్తే నాన్న పంపడని చెప్పలేదు."

"నీ తమేను పక్కన ఆడి పేంటు ఎందుకుంది?"

"ఆ వారం ఉతికే వంతు అతనిది."

నిర్మలకు అర్థం కాలేదు. "ఎవరి బట్టలు ఉతికే వంతు?"

"అందరివీ. వారానికొకరు. మెషీన్లో వేసి, పైకి తీసుకెళ్లి ఆరెయ్యాలి. మొదట్లో నేను నా తమేను ఇవ్వలేదు. గదిలో ఇదిగో, ఈ కుర్చీ కింద కమ్మీకి ఆరేసుకునేదాన్ని. కింద ఆరెయ్యాలి కదా అని. ముక్కు మూసుకునేంత కంపు కొట్టింది. మత్తెయో తలుపు కొట్టి, టీనా, నీ గదిలో ఏదో చచ్చిపోయింది అన్నాడు. తీసుకెళ్లి అతనే డాబా మీద ఆరేశాడు. నేను వెనకే పరిగెత్తాను. తాడు కింద నుంచే నడిచాడు. అటూ ఇటూ. నేను చూస్తూ నిలబడ్డాను."

"ఏటయింది?"

"ఏమీ అవలేదమ్మా. క్లిప్పులు సరిపోలేదు, అంతే."

కొట్టులో కుర్రవాళ్లు ఎవరి మీదో అరుస్తున్నారు. నిర్మల టీ కప్పు పక్కకు జరిపింది. ఒక అనుమానం తీరింది. దాని కింద ఇంకొకటి ఉంది. గది ఉంది, నెట్ ఉంది, దాచాల్సిందేమీ గదిలో లేదు.

"మరి డాబా మీద నుంచి ఎందుకు మాట్లాడతావు? ఎవరైనా వస్తే ఫోను ఎందుకు దాస్తావు?"

టీనా తెరకు దగ్గరగా వచ్చింది. "అమ్మా, నువ్వు కూర్చున్నావు."

"టీ కొట్లో నిలబడతారేటే?"

"కాదు. నేను కాల్ చేసినప్పుడు నువ్వు కూర్చోగా ఎప్పుడూ చూడలేదు."

"సంగతి చెప్పు."

"చెప్తే నువ్వు బాధపడతావు."

"చెప్పకపోతే మీ నాన్న డిసెంబరులో నిన్ను తెప్పించేస్తాడు. చెప్పు."

టీనా గోడ వైపు చూస్తూ చెప్పింది. మొదటి వారం వంటగది బల్ల దగ్గర కూర్చుని తల్లికి కాల్ చేసింది. కింగా ఎదురుగా బ్రెడ్డు కోసుకుంటోంది. తెలుగు రాదు కదా, చూస్తూ వింటోంది. తెరలో నిర్మల నిలబడి ఉంది. ఎక్కడి నుంచో మేరమ్మ నీళ్లని అరిచింది. వెళ్లి ఇచ్చి వచ్చింది. ఎక్కడి నుంచో ఫ్రాంక్లిన్ చొక్కా అని అరిచాడు. ఇస్త్రీ చేసి ఇచ్చి వచ్చింది. మోటారు వేసింది, ఆపింది, నేల తుడిచింది. అరిచేవాళ్లెవరూ తెరలోకి రాలేదు. కాల్ అయ్యాక కింగా అడిగింది.

"ఏటని?"

"మీ ఇంట్లో పనిచేసే ఆమెతో ఎంత బాగా మాట్లాడతావు టీనా, మరి మీ అమ్మ ఎప్పుడు కాల్ చేస్తుంది, అని."

నిర్మల ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వేటన్నావు?"

"అమ్మ బిజీగా ఉంటుందన్నాను." టీనా ఏడుస్తోంది. "ఆమె నాకు తెలీదన్నట్టే కదమ్మా అది. యేసుని తెలీదన్న పేతురులాగ. అందుకే పైకి పోతున్నాను. గదిలో మాట్లాడితే కింగా వస్తుంది. నేను దాస్తున్నది మత్తెయోని కాదు. నిన్ను."

నిర్మల తనకు కోపం వస్తుందని చూసింది. కూతురి మీద రాలేదు. ఆ పోలండ్ అమ్మాయి మీద కూడా రాలేదు. ఆ అమ్మాయి చూసింది చూసినట్టు చెప్పింది. ఇన్నేళ్లలో అలా చెప్పినవాళ్లు ఎవరూ లేరు. సంఘంలో ఆమెను గుణవతి అంటారు. ఆఫీసులో అక్క అంటారు. అత్తగారు కోడలు అంటుంది. ఈ పేర్లేవీ తెలియని మనిషి, భాష రాని మనిషి, మాటలు తీసేసి పని మాత్రమే చూసిన మనిషి ఒక్కతే దానికి ఉన్న పేరు పెట్టింది.

"పేతురు మూడుసార్లన్నాడు" అంది చివరికి. "నువ్వు ఒక్కసారే అన్నావు. ముఖం కడుక్కో."

ఆఫీసుకు తిరిగి వెళ్తూ ఏజెంటు దగ్గర ఆగింది. ఈ నెల టీనాకు వెళ్లాల్సింది కట్టేసింది. ఎవరినీ అడగలేదు. మధ్యాహ్నం కో జా లిన్ గాజు తలుపు తెరిచి "అమా, టీ" అన్నప్పుడు, ఆమె బల్ల మీద ఫైలులోంచి తల ఎత్తలేదు. అతను కాసేపు నిలబడి తానే కిందికి దిగాడు.

శనివారం వాన. నిర్మల రెండు బేసిన్ల బట్టలూ ఉతికింది. వెనక సందులో నీళ్లు నిలిచాయి. తమేనును బాల్కనీకి తీసుకెళ్లి పై తాడు మీద ఆరేసింది. తన తమేను, ఒక్కటే. నాలుగు మూలలా క్లిప్పులు పెట్టింది. దాని కింద ఫ్రాంక్లిన్ కుర్చీ ఉంది.

ఫ్రాంక్లిన్ సాయంత్రం వచ్చి చూశాడు. "ఇదేటి?"

"ఎనక తడి. ఆరదు."

"తియ్యి."

"ఆరాక తీస్తాను."

మేరమ్మ చాలా మాటలంది. "మా అత్త బతికుంటే నీ సెయ్యి ఇరగ్గొట్టును" అంది. "కూతురు అక్కడ ఆరేస్తే తల్లి ఇక్కడ ఆరేసిందా" అంది. అన్నీ అంది గానీ లేచి తియ్యలేదు. ఫ్రాంక్లిన్ కూడా తియ్యలేదు. తియ్యాలంటే తమేను మీద చెయ్యి పెట్టాలి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కూడా తమేను అక్కడే ఉంది. వాన తెరిపివ్వలేదు. ఫ్రాంక్లిన్ కుర్చీ వైపు చూసి, గోడ పక్క పీట మీద కూర్చున్నాడు.

కరెంటు వచ్చింది. వైఫై లైటు వెలిగింది. నిర్మల వంటగదిలోకి వెళ్లలేదు. బాల్కనీలోకి వచ్చి ఫ్రాంక్లిన్ కుర్చీలో కూర్చుంది. తమేను అంచు ఆమె తలకు తగులుతోంది. ఫోను బియ్యం డబ్బాకు కాకుండా తన ఎదుట టీపాయ్ మీద పువ్వుల కూజాకు ఆనించింది.

"మోటారు?" అన్నాడు ఫ్రాంక్లిన్.

ఆమె వినిపించుకోలేదు. కాల్ వచ్చింది. ఫ్రాంక్లిన్ లేచి కెమెరాకు కనపడకుండా తలుపు వారగా నిలబడ్డాడు. అడుగు అన్నట్టు చెయ్యి ఊపాడు. తెరలో ఆకాశం, యాంటెన్నాలు, గాలి.

"టీనా, కిందికి దిగు."

"అమ్మా?"

"కిందికి దిగి వంటగదిలోకి పో. వాళ్లున్నారా?"

"ఉన్నారు. టిఫిన్ వండుకుంటున్నారు. అమ్మా, వద్దు..."

"నేను కూర్చునే ఉన్నాను కదే. చూడు. పో."

తెర ఊగింది. మెట్లు, చీకటి, తలుపు. తర్వాత వెలుతురు. బల్ల దగ్గర జుట్టు ముడేసుకున్న అమ్మాయి. పొయ్యి దగ్గర ఒక అబ్బాయి, భుజం మీద తువ్వాలు, చేతిలో గరిటె. నిర్మలకు ఆఫీసు ఇంగ్లీషు ఉంది. ఆ ఇంగ్లీషులోనే చెప్పింది. "నేను టీనా తల్లిని. మొదటి వారం నువ్వు చూసింది నన్నే."

కింగా ముఖం ఎర్రబడింది. లేచి నిలబడింది. క్షమించండి అని రెండు మూడు భాషల్లో అంది. "కూర్చో" అంది నిర్మల. "నువ్వు తప్పు చూడలేదు." అబ్బాయి గరిటె పట్టుకునే వంగి తెరలోకి ముఖం పెట్టి నమస్కారం చెప్పాడు. టీనా నేర్పినట్టుంది.

తలుపు వారగా ఫ్రాంక్లిన్ చెయ్యి గట్టిగా ఊపుతున్నాడు. గొంతు తగ్గించి, "అడుగు. ఆడెవుడని అడుగు" అన్నాడు.

నిర్మల ఫోను తీసి అతని వైపు తిప్పింది. "మీరే అడగండి. ఇదిగో, ఆడే. పేరు మత్తెయో."

ఫ్రాంక్లిన్‌కు దాక్కోవడానికి చోటు లేదు. చర్చి చొక్కాలో, గోడకు ఆనుకుని, తెరకు దొరికాడు. అవతల ముగ్గురూ చూస్తున్నారు. అబ్బాయి చెయ్యి ఊపాడు. ఫ్రాంక్లిన్ గొంతు సవరించుకున్నాడు.

"హలో" అన్నాడు.

లోపల గదిలోంచి మేరమ్మ, "మత్తయా? పేరు మత్తయయితే సువార్త రాసీసినోడేటి? అడగరా!" అని అరిచింది. తర్వాత, "కోడలా, నీళ్లు!" అంది. నిర్మల ఫోను మళ్లీ తన వైపు తిప్పుకుని కూజాకు ఆనించింది.

"డిసెంబరులో రావొద్దు" అంది తెలుగులో, గదిలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా. "ఈ నెలది శుక్రవారమే పంపీసినాను. వచ్చే నెలది కూడా నేనే పంపుతాను. చదువు అయ్యాక చూద్దాం."

"నిర్మలా!" అన్నాడు ఫ్రాంక్లిన్.

"మోటారు స్విచ్చి గుమ్మం పక్కనుంది. కరెంటు పోతే రేపటికి నీళ్లుండవు."

అతను ఆమె వైపు చూశాడు. ఆమె తల మీద వేలాడుతున్న తమేను వైపు చూశాడు. కాసేపటికి మోటారు చప్పుడు వినపడింది. లోపల మేరమ్మ నీళ్లు నీళ్లని అంటూనే ఉంది. వంటగదిలో గ్లాసు కింద పడింది. ఇంకో గ్లాసు తీసిన చప్పుడు. కింగా ఆ ఊరి కొట్ల గురించి, సముద్రం గురించి, టీనాకు ఉప్పు ఎక్కువ వేసే అలవాటు గురించి చెబుతోంది. నిర్మల వింటోంది. ముఖాలు చూస్తూ వింటోంది.

కింగా మాట ఆపి, నిర్మల భుజం మీదుగా వెనక్కి చూసి, టీనా చెవిలో ఏదో అడిగింది. టీనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏటంటందే?"

"వెనకాల నీళ్లు పట్టుకెళ్తున్నది మీ నాన్నేనా అని అడుగుతోంది."

నిర్మల తిరిగి చూడలేదు.

"అవునని చెప్పు" అంది. "ఈవేళే పనిలో చేరినాడని కూడా చెప్పు."